ఇంట గిటారు అభ్యాసమునకు ఎట్టి ఆంప్లిఫయరు కొనవలెను?

ఈ శీర్షికను చూచినతోడనే మీలో కొందరు, "ఇది మగవారు మాటలాడుకొనవలసిన సంగతి గదా, మన గృహపత్రికలో దీనికేమి పని?" అని యనుకొందురు. రెండేండ్ల క్రిందట మాకును అట్లే తోచెడిది. కాని నేడు గిటారు నేర్చుకొనవలెనని కోరు బాలబాలికలు మన యిండ్లలో అనేకులు కలరు. ముచ్చటపడి గిటారు కొనిపెట్టు తండ్రులును కలరు. దానితోపాటు కొనవలసిన ఆంప్లిఫయరు విషయమున మాత్రము అంగడివాడు చెప్పినదే వేదము. ఆ వేదము యొక్క ఫలితమును అనుభవించునది ఇంటనుండు గృహిణి. ఆ ధ్వని యామె వంటయింటిలోనికి వచ్చును. పొరుగువారి మాట యామె చెవినే పడును. వృథాయైన ధనము నామె పొదుపుననే పూడ్చవలసి వచ్చును. కావున ఇది మన పత్రికకు తగిన విషయమే యని తలచి, మేము మూడుసారులు పెట్టెను మార్చి నేర్చుకొన్నదానిని మీరు ఒక్కసారి చదివి తెలిసికొనునట్లు వ్రాయుచున్నాము.

మా యింటి సంగతి

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మేమొక పాత యింటిలో సగము వాటాలో కాపురముండుచున్నాము. నడుమ నొక్క గోడ. ఆవలి వాటాలో వయసు చెల్లిన దంపతులు కలరు. మా అమ్మాయికి పదునాలుగవ యేట గిటారుపై మనసు పోయినది. అంతకు ముందు నాలుగేండ్లు గాత్రము నేర్చినది గనుక శ్రుతిజ్ఞానము కలదు. "నాకు ఎలక్ట్రిక్ గిటారే కావాలి, నాన్నగారూ!" అని తండ్రిని పట్టినది. మా అత్తగారు విని, "సరస్వతీదేవి చేతిలోని వీణ యుండగా ఈ దొరల వాద్యము దేనికే, తల్లీ?" అనిరి.

మేము అత్తగారికి నెమ్మదిగా మనవి చేసితిమి. ఫిడేలు మాత్రము మన దేశమున పుట్టినదా? ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు తెచ్చిన తొలివారిలో నొకడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు (1893–1964) విజయనగరమున దానిని వాయించుచుండగా విన్నవారిలో అది పరదేశపు వాద్యమని యెవరికైన తోచియుండునా? పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారి మాట యింకను దగ్గరిది. సామాన్యమైన మాండొలినుపై మీటిన స్వరము వెంటనే అణగిపోవును. గమకము పలుకుటకు వలసినంతసేపు నిలువదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలినును గ్రహించి, తనకు అనువుగా మార్చుకొని, ఆంప్లిఫయరు సాయమున స్వరమును నిలిపి, ఆ చిన్న వాద్యముపై త్యాగరాజ కీర్తనలు పలికించెను. 2014లో నలుబదియైదేండ్లకే ఆయన స్వర్గస్థుడయ్యెను గాని, ఆ నాదమును విన్నవారు మరువలేదు. కాబట్టి ఆంప్లిఫయరు వాద్యమునకు అలంకారము కాదు, వాద్యములో సగము. ఈ మాట విని మా అత్తగారు, "సరే, పిల్ల సరదా యెందుకు కాదనవలె?" అని సమ్మతించిరి. గిటారు కొంటిమి.

ఇక పెట్టె. మొదటిది అమెరికాలో డల్లాసున నున్న మా మరిది సెలవులకు వచ్చుచు ప్రేమతో తెచ్చినది. చూచుటకు ముద్దుగా నున్నది. దాని ప్లగ్గు మన గోడకు సరిపడదు గనుక, బజారున ఒక మార్పు ప్లగ్గు తెచ్చి తగిలించితిమి. మీట నొక్కిన వెంటనే టప్పుమని యొక శబ్దము, ఆపైన కాలిన వాసన. పెట్టె వెనుక 120 వోల్టులని స్పష్టముగా అచ్చువేసియే యున్నది. మాలో నొక్కరమును చదువలేదు. అక్షరము వచ్చినవారమై యుండియు చదువకపోవుట మా తప్పే.

రెండవది ఊరిలో పెండ్లిండ్లకు వాయించు ఒక మేళమువారు మాని అమ్మివేసినది: 50 వాట్లు, పండ్రెండంగుళముల స్పీకరు. "పెద్దది తక్కువకు వచ్చినది" అని సంతోషించితిమి. దాని మీటను ఏమాత్రమును త్రిప్పకున్న ధ్వని లేదు. వెండ్రుక వాసి త్రిప్పినచో గూటిలోని గ్లాసులు గలగలలాడినవి. ఒకనాటి సాయంకాలము ఆవలి వాటాలోని పిన్నిగారు మా గుమ్మములోనికి వచ్చి, "కోపగించుకోకమ్మా. మీ బాబాయిగారికి గుండె ఆపరేషను అయి పది రోజులే అయింది. పగలు కాస్త కన్ను మూస్తే ఆ మోతకు ఉలిక్కిపడి లేస్తున్నారు" అనిరి. ఆమె కోపముతో వచ్చియున్న మాకు సులువుగా నుండెడిది. ఆమె కన్నీటితో వచ్చినది.

ఆ రాత్రి మా అమ్మాయి గిటారును చిలుకకొయ్యకు తగిలించి, "నేను వాయించనులే అమ్మా, నేను వాయిస్తే అందరికీ బాధే" అన్నది. రెండు నెలలు దాని నెవ్వరును ముట్టలేదు. ఆడపిల్ల యొక విద్యను మానుకొనుటకు ఎవరును కాదనవలసిన పని లేదు. తన విద్య యితరులకు బరువని యామెకు తోచిన చాలును. ఆ రెండు నెలలలో మేము ఈ పెట్టెల సంగతి శ్రద్ధగా తెలిసికొనుటకు పూనుకొంటిమి. తెలిసికొన్నది చెప్పెదము.

ఈ పెట్టె చేయు పని

భరతముని నాట్యశాస్త్రమున వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు విధములుగా విభజించెను. తీగెల వాద్యములు తతములు. తీగె తనంతట తాను గాలిని చాలినంతగా కదలింపలేదు. కావుననే బొబ్బిలి వీణెకు పనసకర్ర కుండను తొలిచి యుంచుదురు. తీగె కదలిక గుఱ్ఱము మీదుగా పలకకు పోయి, పలకయు లోపలి గాలియు కదలి, నాదము గదినిండ వ్యాపించును. బోలు పెట్టె గల సామాన్యపు గిటారునకును ఇదియే మర్మము. మీ పిల్లలు నేర్చునది ఆ బోలు గిటారైనచో ఇంట అభ్యాసమునకు ఆంప్లిఫయరే యక్కరలేదు. ఆ ధనమును మంచి తీగెలకును గురువుగారికిని వినియోగింపుడు. మేము చెప్పబోవునది ఎలక్ట్రిక్ గిటారు గలవారికి మాత్రమే.

ఎలక్ట్రిక్ గిటారు చాలవరకు గట్టి చెక్క. దాని తీగెల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు వేలకొలది చుట్లు చుట్టిన సన్నని రాగితీగెయు నుండును. దీనిని పికప్ అందురు. ఉక్కుతీగె కదలినపుడు అయస్కాంతక్షేత్రము మారి రాగిచుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే మహాశయుడు కనుగొన్న సూత్రమే యిది. ఆ స్వల్పవిద్యుత్తును పెంచి స్పీకరును కదలించునది ఆంప్లిఫయరు. వీణెకు కుండ యెట్టిదో ఈ గిటారునకు ఆ పెట్టె యట్టిది. జార్జి బోషాంప్ అను నాతడు 1931లో అమెరికాలో నిర్మించిన గిటారు ఈ జాతిలో మొదటివానిలో నొకటి. గుండ్రని తలయు పొడవైన కాడయు గలిగి పెనమువలె నుండుటచే దానిని వేపుడు పెనమని పిలిచిరి. రేడియోలు మరమ్మతు చేయుచుండిన లియో ఫెండరు 1948లో నేర్చుకొను విద్యార్థుల కొఱకే చాంపియన్ 800 అను చిన్న పెట్టెను అమ్మకమునకు పెట్టెను. ఇంట అభ్యాసమునకు చిన్నపెట్టె యనునది లోభుల యుపాయము కాదు; మొదటినుండియు నున్న మర్యాదయే.

వాట్లను చూచి మోసపోరాదు

అంగడిలో మొదట చెప్పు మాట వాట్లు. "పదికన్న ఇరువది మేలు, ఇరువదికన్న ఏబది మేలు" అందురు. ఇది బియ్యము తూచు లెక్క కాదు. వాట్లు రెట్టింపైనచో ధ్వని మూడు డెసిబెళ్లు మాత్రమే పెరుగును. శ్రద్ధగా విన్నగాని ఆ భేదము అంతగా తెలియదు. ధ్వని చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదిరెట్ల వాట్లు కావలయును. అనగా స్పీకరు ఒక్కటే యైనచో 50 వాట్ల పెట్టె 5 వాట్ల పెట్టెకన్న ఇంచుమించు రెండింతలు మాత్రమే బిగ్గర.

మరియొక లెక్క. ఇంట మనము మాటలాడుకొను గొంతు ఒక మీటరు దూరమున సుమారు 60 డెసిబెళ్లు. గిటారు స్పీకర్లు చాలవరకు ఒక్క వాట్‌తోనే మీటరు దూరమున 90 డెసిబెళ్లకు అటునిటుగా పలుకును. ఇంట హాయిగా వాయించుకొనుటకు 70 డెసిబెళ్లు చాలుననుకొన్నచో, దానికి కావలసినది వాట్‌లో నూరవ వంతు! మిగిలిన వాట్లన్నియు మనము వెల యిచ్చి కొని, ఎన్నడును వాడక, మీట వెనుక బంధించి యుంచునవే. మా 50 వాట్ల పెట్టెలో మాకు పనికివచ్చు ధ్వని యంతయు మీట మొదటి వెండ్రుక వాసిలోనే ఇమిడియుండెను. అందుచేతనే దానిని అదుపులో నుంచుట మాకు సాధ్యము కాలేదు. ఇంటికి మూడు మొదలు పది వాట్ల వరకు చాలును. ఇరువది దాటిన యక్కరలేదు.

వాల్వులు గల పెట్టెలని కొన్ని కలవు. పాతకాలపు రేడియోలలో వలె గాజుబుడ్లు వెలుగుచుండును. వాని నాదమును రసికులు మెచ్చుకొందురు. కాని ఆ మెచ్చుకొను నాదము చాలవరకు వానిని బిగ్గరగా వాయించినపుడే వచ్చును. ఒక గోడ నడుమనున్న కాపురములకు అవి తగవు. వెలయు హెచ్చు, బుడ్లు అప్పుడప్పుడు మార్చవలెను. ట్రాన్సిస్టరు పెట్టెలును, నేటి డిజిటల్ పెట్టెలును తక్కువ ధ్వనిలోనే చక్కగా పలుకునట్లు చేయబడుచున్నవి. నేర్చుకొనువారికి ఇవియే మేలు.

అంగడిలో చూడవలసినవి

మొదటిది: గెయిన్ అనియు వాల్యూము లేక మాస్టర్ అనియు రెండు వేర్వేరు మీటలున్నవేమో చూడుడు. గెయిన్ హెచ్చించినకొలది స్వరము గరుకెక్కును. పిల్లలకు ఇష్టమైన రాక్ సంగీతపు గరగర అదియే. మాస్టర్ మొత్తపు ధ్వనిని తగ్గించును. రెండును వేరుగా నున్నచో పిల్లకు కావలసిన గరగరయు మనకు కావలసిన నెమ్మదియు కలసి లభించును. ఒక్కటే మీట యున్నచో ఆ రెంటికి ఎన్నడును పొత్తు కుదరదు.

రెండవది: హెడ్‌ఫోను రంధ్రము. దానిలో తీగె దూర్చినంతనే స్పీకరు మూగబోవలెను. కొన్ని పెట్టెలకు 3.5 మిల్లీమీటర్ల సన్నని రంధ్రమును, కొన్నిటికి 6.35 మిల్లీమీటర్ల లావు రంధ్రమును ఉండును. ఇంటనున్న హెడ్‌ఫోను దేనికి పట్టునో ముందే చూచుకొనుడు.

మూడవది: ఫోనునుండి ధ్వనిని లోనికి పంపు మార్గము. దీనిని ఆక్స్ అందురు. మా అమ్మాయి దీని ద్వారా తంబుర శ్రుతిని, తాళమును పెట్టుకొని వాయించును. శ్రుతి లేని అభ్యాసము చెవిని చెరచునని గాత్రము నేర్చినవారికి మేము చెప్పవలసిన పని లేదు.

నాలుగవది: మందర, తార స్వరములను హెచ్చించి తగ్గించు మీటలు. ధ్వని తగ్గినకొలది మానవుని చెవికి మందరమును మిక్కిలి తారమును ఎక్కువగా అణగినట్లు తోచును. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూపిరి. అంగడిలో బిగ్గరగా విన్నపుడు నిండుగా తోచిన పెట్టె ఇంట మెల్లగా వాయించునపుడు పలుచగా తోచుటకు కారణమిదియే. కావున అంగడివాడు బిగ్గరగా వాయించి చూపగా, "ధ్వనిని మాటలాడుకొనునంతకు తగ్గించి వినిపింపుడు" అని యడుగుడు. ఆ తక్కువ ధ్వనిలో ఏ పెట్టె స్వరము తెలివిగా వినబడునో దానినే కొనుడు. ఈ వ్యాసములో మీరు గుర్తుంచుకొనవలసినది ఒక్కటి మాత్రమే యైనచో, అది యిదియే.

ఐదవది: బ్యాటరీలతో పనిచేయునేమో. కరెంటు పోయినపుడు అక్కరకు వచ్చును. పెరటిలోనికి, దొడ్డి యరుగు మీదికి తీసికొనిపోవచ్చును. తిరిగి చార్జి చేయు బ్యాటరీలు వాడినచో నెలసరి వ్యయము తగ్గును.

మేము ఏ కంపెనీవారికిని దూతలము కాము. అంగడిలో పేర్లు విన్నపుడు తికమక పడకుండుటకు మాత్రము కొన్ని చెప్పుచున్నాము. ఫెండరువారి ఫ్రంట్‌మన్ 10జి అనునది 10 వాట్లు, ఆరంగుళముల స్పీకరు, హెడ్‌ఫోను రంధ్రము, ఆక్స్ గలది. ఆరెంజ్‌వారి క్రష్ 12 అనునది 12 వాట్లు, ఆరంగుళముల స్పీకరు. స్వరమును దిద్దుటకు మూడు మీటలు కలవు. బ్లాక్‌స్టార్‌వారి ఫ్లై 3 అనునది 3 వాట్లు, మూడంగుళముల స్పీకరు. బాస్‌వారి కటానా మినీ 7 వాట్లు, నాలుగంగుళముల స్పీకరు. ఈ రెండును ఆరేసి పెన్సిలు బ్యాటరీలతో నడచును. వాక్స్‌వారి ఆంప్లగ్ అనునది గిటారునకే తగిలించు గుప్పెడంత వస్తువు. దానికి స్పీకరు లేదు, హెడ్‌ఫోనులతోనే వినవలెను. మిక్కిలి చౌకగా కావలయునన్నచో అదియొక మార్గమే. కాని పిల్ల వాయించునది తల్లి చెవిని పడదు, తప్పొప్పులు చెప్పువారుండరు.

స్పీకరు చిన్నదైనకొలది మందరము పలుచబడును. మూడంగుళముల దానిలో నిండుదనమును ఆశింపరాదు. వేరొక గది యున్నవారు ఆరు మొదలు ఎనిమిదంగుళముల స్పీకరు గలది చూచుకొనుట మంచిది. ఒక్క గదిలో అందరు మెలగువారికి చిన్నదే సుఖము.

వెలల మాట. వెలలు నెలనెలకు మారునవి గనుక అంకెలు వ్రాయము. మేము పెట్టుకొన్న కట్టుబాటు మాత్రము చెప్పెదము: గిటారు వెలలో మూడవ వంతు మొదలు సగము వరకు పెట్టెకు, అంతకు మించరాదు. తీగె, హెడ్‌ఫోను, విడి తీగెల కట్ట, వీనికై మరికొంత విడిగా తీసియుంచుకొనవలెను. గిటారును పెట్టెను కలుపు తీగె నాసిరకమైనచో ఎంత మంచి పెట్టెయైనను గరగరలాడును.

ఒకరు వాడినదానిని కొనువారు మరి మూడు చూడవలెను. మీటలు త్రిప్పునపుడు కరకరమనినచో లోన దుమ్ము చేరినది, శుభ్రము చేయింపవచ్చును. తీగె దూర్చు రంధ్రము వదులైనచో ధ్వని తెగి తెగి వచ్చును. వెల తగ్గింపుమని యడుగవచ్చును. స్పీకరు కాగితము చినిగినచో మాత్రము విడిచి వచ్చుట మేలు.

విద్యుత్తు విషయమున జాగ్రత్త

మన దేశమున ఇంటి విద్యుత్తు 230 వోల్టులు, అమెరికాలో 120. వోల్టులు ఇంచుమించు రెండింతలైనపుడు లోపలి భాగములపై పడు శక్తి రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలగును. మా మరిది తెచ్చిన పెట్టె ఒక్క క్షణములో కాలుటకు కారణమిదియే. పిల్లలు విదేశములలో నున్న తల్లులు మనలో ఎందరో కలరు. వారు ప్రేమతో పంపు వస్తువు వెనుక అచ్చువేసినదానిని చదువక ప్లగ్గు పెట్టకుడు. "100–240" అని యున్నచో ఎక్కడనైనను వాడవచ్చును. "120" అని మాత్రమే యున్నచో వోల్టును దించు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. మార్పు ప్లగ్గు ఆకారమును మార్చును గాని వోల్టులను మార్చదు. ఈ భేదము తెలియకయే మేము నష్టపోతిమి.

మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలు ఎర్త్. గోడపాయింటులో రెండే రంధ్రములున్నవని ఆ కాలిని విరుగగొట్టి వాడువారిని మేము చూచియున్నాము. ఇది ప్రాణములతో చెలగాటము. గిటారు తీగెలు లోహము. వానిని తాకుచున్నది మన బిడ్డ వ్రేళ్లు. పెట్టెలో లోపము పుట్టినపుడు ఆ విద్యుత్తును భూమిలోనికి పంపి బిడ్డను కాచునది ఆ ఎర్తే. తడిచేతులతోను, తడినేలపై నిలిచియు వాయింపరాదు. పెట్టె మూతను ఇంట విప్పరాదు. ముఖ్యముగా వాల్వుల పెట్టెలో ప్లగ్గు తీసిన తరువాతను ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

పెట్టె ఊరక ఝుమ్మని మ్రోగుచున్నచో వెంటనే చెడిపోయినదని భయపడకుడు. గిటారు పికప్పు ఇంటి తీగెలలోని విద్యుత్తు కంపమును కూడ పట్టుకొనును. ఫ్యాను రెగ్యులేటరునకు, ఫ్రిజ్జుకు, ట్యూబులైటుకు దూరముగా జరిగి, గిటారు పట్టుకొన్నవారు కొంచెము ప్రక్కకు తిరిగి చూడవలెను. తరచుగా అంతతోనే తగ్గును.

చెవుల మాట

హెడ్‌ఫోను మన యింటికి శాంతి, పిల్ల చెవికి అపాయము కావచ్చును. మనకు వినబడదు గనుక ఎంత బిగ్గరగా వినుచున్నదో మనకు తెలియదు. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదని అమెరికాలోని వృత్తిసంబంధ ఆరోగ్య పరిశోధన సంస్థవారి నిర్ణయము. ప్రతి మూడు డెసిబెళ్ల పెరుగుదలకు ఆ కాలము సగమగును: 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒక్క గంట. పిల్లల చెవుల విషయమున ఇంకను తగ్గించుటయే వివేకము. మా యింట నియమమిది: హెడ్‌ఫోను పెట్టుకొన్నపుడు ప్రక్కన నిలిచి మేము మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచిన పలుకవలెను. పలుకకున్న మీట తగ్గవలెను. హెడ్‌ఫోను తగిలించుటకు ముందు మీటను సున్నకు త్రిప్పి, తరువాత కొంచెము కొంచెముగా హెచ్చింపవలెను. అరగంట కొకసారి చెవులకు విశ్రాంతి నీయవలెను.

మూడవ పెట్టె

ఇవి యన్నియు తెలిసికొన్న తరువాత, కాలిన పెట్టెను పాతసామానుల వానికిచ్చి, పెద్దదానిని కచ్చేరీలు చేయు కుర్రవాండ్రకు కొన్న వెలకు తక్కువగానే అమ్మి, ఒక చిన్న పెట్టె కొంటిమి. అంగడివాడు, "ఇంత చిన్నదా అమ్మగారూ? ఏడాదికే చాలదంటారు" అనెను. "చాలనినాడు మరల మీ యొద్దకే వచ్చెదము" అంటిమి. ఏడాది దాటినది, పోలేదు.

ఇంటికి తెచ్చిన సాయంకాలము మా అత్తగారు ఒక పరీక్ష పెట్టిరి. తాము ప్రక్కగదిలో తలుపు చేరవేసికొని విష్ణుసహస్రనామము పారాయణ చేయుచుందురు. పిల్ల ఈ గదిలో వాయింపవలెను. తమ గొంతు తమకు స్పష్టముగా వినబడినంతవరకు మీటను హెచ్చింపవచ్చును. అక్కడ మేము మీట ప్రక్కన తెల్లని రంగుతో ఒక చుక్క పెట్టితిమి. ఆ చుక్క దాటకుండ వాయించునపుడు ఆవలి వాటాలోనికి వినబడునేమో యని మేము స్వయముగా పోయి పిన్నిగారి వసారాలో కూర్చుండి విని వచ్చితిమి. గోడకు చెవి యానించిన గాని వినబడలేదు. రాత్రి యెనిమిది దాటిన తరువాత హెడ్‌ఫోను. ఇదియే మా యింటి శాసనము.

పింగళి సూరన కళాపూర్ణోదయమున నారదునంతటివాడు తుంబురుని గెలువగోరి శ్రీకృష్ణుని దేవేరులయొద్ద సంగీతమును అభ్యసించిన కథ మీరు చదివియే యుందురు. తుంబురునితో పోటీకి కారణమైనది సభ. విద్య యబ్బినది మాత్రము అంతఃపురమున. ఇంటిలో దినదినము, ఎవరికిని భారము కాక, చిన్న ధ్వనితో సాగు అభ్యాసమే విద్య. సభకు కావలసిన పెద్ద పెట్టె సభవారే తెచ్చుకొందురు.

మా అమ్మాయి ఇపుడు దినమునకు గంటసేపు వాయించుచున్నది. మోహనము ఆరోహణావరోహణములు గిటారుపై పలికించుచున్నది, తప్పు పోయినపుడు మా అత్తగారు ప్రక్కగదినుండి, "గాంధారము తగ్గిందే, తల్లీ!" అని దిద్దుచున్నారు. ఆవలి వాటాలోని బాబాయిగారు స్వస్థులైరి. మొన్న ఆయన మా గుమ్మములో నిలిచి, "పాప వాయించడం మానేసిందా? ఏమీ వినబడటంలేదే!" అని యడిగిరి. లోనికి పిలిచి, కూర్చుండబెట్టి, ఆ పూట మాత్రము మీటను చుక్క దాటనిచ్చితిమి.

సోదరీమణులారా! మీ యింట గిటారు కొనదలచినపుడు ఈ పుటను మీవారికి చదివి వినిపింపుడు. అంగడికి మీరును వెళ్లుడు. పెట్టె వెనుకనున్న వోల్టులను చదువుడు, ధ్వనిని తగ్గించి వినుడు. మీ బిడ్డ చేత గిటారు చిలుకకొయ్యకు ఎక్కకుండ మీ చేతనైనంత చేయుడు. ఈ విషయమున మీ యనుభవములును వ్రాసి పంపుదురేని, తోడి గృహిణులకు ఉపకరించును.